తంగేడు చెట్ల కోసం నేను సచ్చిన మంగళవారం

ఓబులేసప్పా, గడప మీద కాదు, ఇట్ల చాప మీదికి రా. టీ కాగుతాంది. నేను ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధమున్నా నా పండ్లన్నీ ఒక్కసారిగా రాలిపోనీ. నవ్వకు! ఉండేవి నాలుగేలే, అయినా ఒట్టు ఒట్టే.

పోయిన వారం మంగళవారం పొద్దున నేను సచ్చిపోయినా.

అవునప్పా, నేనే. ఈడ నీ ముందర కూర్చుని వక్క దంచుకుంటాండే నరసమ్మనే. పద్నాలుగిండ్ల వీధి వీధంతా వచ్చి నా మీద పడి ఏడ్చింది. నువ్వు రేపు వేంపల్లె బస్సెక్కుతాండావని మా కోడలు సరోజ చెప్పింది. దానికీ నా చావుకూ ఒక లంకె ఉండాది. ఆ మాట ఆఖర్న చెప్తా. ముందు వాకిలి ముందర ఆ తంగేడు చెట్లు చూడు. అంతా వాటివల్లే.

మా వాడికి ఈ కొత్త కాలనీలో ఇల్లు దొరికి మూడేండ్లయింది. వాడు తాలూకా గుమస్తా, నెలలో ఇరవై దినాలు క్యాంపులే. ఇప్పుడు గూడా కరువు పనుల మీద ఆలూరు పక్క తిరుగుతాండాడు. మేము వచ్చిన కొత్తలో ఈ ముంగిలి ఉత్త నల్లరేగడి. ఎండాకాలమొస్తే నెర్రెలు. ఒకసారి నా ఇత్తడి చెంబు జారి ఒక నెర్రెలో పడింది. మూడేండ్లయింది, అది అడుగున తగిలిన సప్పుడు ఇంకా రాలేదు. అట్లాంటి నేలలో సరోజ ముచ్చటపడి రోజా నాటింది, మల్లె నాటింది, కనకాంబరం నాటింది. మొదట ఆకులు పోయినాయి, తర్వాత కొమ్మలు పోయినాయి, ఆఖరికి నాటిన గుంత గూడా కనపడలేదు. అప్పుడు నేను మా ఊరి గట్టు నుంచి తంగేడు కాయలు కొంగున కట్టుకొచ్చి చల్లినా. ఐదు మొలిచినాయి. పక్కన రెండు కలబంద పిలకలు పెట్టినా. అంతే. పూసినాయంటే వాకిలంతా పసుపు ఆరబోసినట్టుండేది.

ఇంతలో కమిటీ వచ్చింది.

మన కర్నూలు రాజధాని అయినాక ఆఫీసులతో పాటు కాలువల సీమ నుంచి శానామంది వచ్చినారు గదా. అట్ల వచ్చినాయన ఒకాయన, వెంకటరత్నమని, మా కాలనీ కమిటీకి సెక్రెటరీ అయినాడు. మంచి మనిషి. గొంతెత్తి మాట్లాడడు. ఆయన ఊర్లో ఇంటి వెనక తలుపు తీస్తే కాలువంట. వంగి చెంబు ముంచితే నీళ్లంట. ఆ మాట విని మా వీధి ఆడోళ్లం రెండు దినాలు అన్నం తినలేదు. ఆయన కూర్చుని కాలనీకంతా రూలు రాసి బోర్డు మీద అంటించినాడు. ప్రతి ఇంటి ముందు భాగమున పచ్చిక, రోజాలు, క్రోటన్లు పెంచవలెను. అడవి మొక్కలు, ముళ్ల మొక్కలు ఉండరాదు. ఉన్నచో కమిటీ వారే తీసివేయుదురు.

తీసివేస్తే తీసివేయనీ అనుకుందామా? తీసి ఊరుకోరు, రోజాలు నాటిస్తారు. నాటితే వాటికి నీళ్లు మోసేదెవరు? మా సరోజ. దానికిప్పుడు ఆరో నెల. వీధి కొళాయి పొద్దున గంట సేపు వస్తాది, అది గూడా దగ్గుకుంటా వస్తాది. ఇంటికి నాలుగు కడవలు దొరికితే ఆ దినం పండగ. ఆ గడ్డికి, ఆ రోజాలకు దినానికి ఎనిమిది కావాల. ఎనిమిది కడవలు ఆ పిల్ల నడుము మీద! నా బాధ చెట్ల కోసం సగమే అప్పా. మిగతా సగం ఆ నడుము కోసం.

సోమవారం సెక్రెటరీ స్వయంగా ఇన్‌స్పెక్షనుకు వచ్చినాడు.

"మామ్మగారూ, ఇవి కొండల్లో పెరిగే చెట్లు కదండీ. ఇంటి ముందు బాగుంటాయా?"

"మేమూ కొండల్లో పెరిగినోళ్లమే నాయనా. మమ్మల్ని గూడా పీకేస్తావా?"

పాపం నవ్వినాడు. "అలా కాదండీ. ముళ్లుంటే పిల్లలకి గుచ్చుకుంటాయి."

"తంగేడుకు ముల్లు యాడుందో చూపించు."

ఆయన కండ్లద్దాలు సరిచేసుకుని, వంగి, కొమ్మ కొమ్మకూ వెతికినాడు. లేదు. అట్లని ఆయన మాటలో న్యాయం లేదని నేననను. పక్క వీధిలో ఒకడు నాగజెముడు నాటితే, దాని ముల్లు మా వీధి ఖాజాబీ కాల్లో దిగింది. దాన్ని పీకింది నేనే. జానెడు ముల్లప్పా! సరే, ఖాజాబీని అడిగితే గోరంత అంటాది. ఆమెకు కొలతలు తెలీవు.

"రాజధాని అన్నాక పెద్దవాళ్లు వస్తారు, పోతారు," అన్నాడు. "చూడ్డానికి పచ్చగా ఉండాలి కదండీ. పైగా మీ చెట్లకి మాత్రం నీళ్లు అక్కర్లేదా?"

అప్పుడు నా నోరు ఊరుకుంటేనా! "మూడేండ్లలో వీటికి ఒక్క చుక్క నీళ్లు పోసింటే నా పేరు నరసమ్మే కాదు!" అనేసినా.

ఆయన తలకాయ ఎత్తి చూసినాడు. "నిజంగానా?"

"ఒట్టు!"

"అయితే ఒక పని చేద్దామండీ. నెల రోజులు ఈ ముంగిట్లో ఒక్క చుక్క నీరు పడకూడదు. అప్పటికీ చెట్లు బతికుంటే, రూలు మార్చమని కమిటీలో నేనే మాట్లాడతాను." అని, సున్నం తెప్పించి అరుగు నుంచి వీధి దాక ముంగిలి చుట్టూ తెల్లగీత గీయించినాడు. నేను గూడా రొమ్ము విరుచుకుని నిలబడినా.

ఆయన వీధి మలుపు తిరిగినాక సరోజ నా పక్కకొచ్చి నిలబడింది.

"అత్తా, దినామూ పొద్దున కల్లాపి చల్లినాక బక్కెట్లో మిగిలింది యాడ కుమ్మరిస్తావు?"

"చెట్ల మొదట్లో."

"కాళ్లు యాడ కడుక్కుంటావు?"

"చెట్ల కాడ."

"బియ్యం కడిగిన నీళ్లు?"

నేను చెట్ల పక్క చూసినా.

"మూడేండ్లుగా మూడు పూటలా తాపుతాండావు అత్తా. ఒట్టెందుకు పెట్టినావు?"

ఓబులేసప్పా, దేవుని సాక్షి, అబద్ధమాడాలని ఆడలేదు. వాడిన నీళ్లను మన సీమలో నీళ్లని ఎవరంటారు చెప్పు? కడవలో ఉంటేనే నీళ్లు. కాళ్లు కడిగింది, బియ్యం కడిగింది, పేడ కలిపింది, అవన్నీ మనకు నీళ్ల లెక్కలోకే రావు. నిజంగానే నా మనసులో నేనొక్క చుక్క గూడా పోయలేదు.

సరే, మాటిచ్చినాక తప్పేదెట్ల? ముంగిలంతా గీత లోపలే. అందుకని కల్లాపి బంద్. కల్లాపి లేని ఉత్త దుమ్ములో సరోజ ముగ్గు నిలవదు, అందుకని ముగ్గూ బంద్.

ఆ దినమే సాయంత్రం కోపంతో ఒక వక్క కొరికినా. పన్ను కదిలింది. దవడ వాచింది చూడు, గుమ్మడికాయంత! సరోజ లవంగం నూరి పెట్టి, మా వాడి పాత పంచె చింపి, గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి బిగించి కట్టింది. ఆ నొప్పికి కన్ను మూతపడలేదు. తెల్లవారినాక ఇంకొంచెం లవంగం పెట్టి, వెలుతురు కోసం తెచ్చిన బుడ్డిదీపం నా తలకాడే మరిచిపోయి, ఆ పిల్ల కడవ తీసుకుని పక్క వీధి కొళాయికి పోయింది. ఆడ జనం తక్కువని. నాకు అప్పుడు పట్టింది నిద్ర. ఎట్ల పట్టింది! వెల్లకిలా, కాళ్లు బారజాపి, కట్టెమాదిరి.

ఇప్పుడు నువ్వే ఆలోచించు. మంగళవారం పొద్దున ఒక ఇంటి ముందర కల్లాపి లేదు, ముగ్గు లేదు. మన కొళాయి కాడ దినామూ అందరికంటే ముందుండే ముసల్దాని గొంతు లేదు. ఎదురింటి సుంకమ్మకు, అదే నాతో ఆ కొళాయి కాడ మూడేండ్లుగా యుద్ధం చేస్తాండే సుంకమ్మకు, అనుమానమొచ్చింది. వచ్చి కిటికీలో తొంగి చూసింది. నట్టింట్లో నేను. కట్టిన దవడ. తలకాడ దీపం.

"అయ్యో నరసక్కా! పోయినావా తల్లీ!"

ఆ కేకకు తుంగభద్ర వంతెన మీద పోతాండే రైలు టక్కున ఆగిపోయింది.

నాకు మెలకువొచ్చేసరికి చుట్టూ ఏడుపులు. ఎవరో పోయినట్టున్నారు పాపం, లేచి మనం గూడా పలకరించి వద్దామనుకున్నా. కన్ను సందు చేసి చూద్దును గదా, అందరూ నా చుట్టే! వెంటనే లేచి ఉండాల. తప్పు నాదే, ఒప్పుకుంటా. కానీ ఖాజాబీ అప్పుడే మొదలుపెట్టింది.

"నా బిడ్డకు జ్వరమొస్తే మా ఇంట్లో కూర్చుని కాళ్లు పట్టింది. నా సొంత అక్క గూడా రాలేదు ఆ దినం."

ఎంత బాగుందో వినేదానికి! కొంచెం సేపు సచ్చే ఉందామనిపించింది. ఒకామె నా చేతి ఊరిబిండి పచ్చడి రుచి గురించి చెప్పింది, ఇంకొకామె నా నవ్వు గురించి చెప్పింది. బతికుండగా ఈ మాటల్లో ఒక్కటన్నా నా చెవిన పడింటే అప్పుడప్పుడు నోరు తగ్గించుకునేదాన్నే. నేనూ చెప్పలేదులే ఎవరికీ. ఖాజాబీ ఎంత మంచిదో ఖాజాబీకి నేనెప్పుడు చెప్పినా?

ఇంతలో సుంకమ్మ ముక్కు చీది, "మంచిదే కానీ, కొళాయి కాడ మాత్రం రాక్షసి! నా కడవను ఎన్ని సార్లు పక్కకు జరిపిందో," అనింది.

సచ్చినోళ్లకు గూడా ఓర్పుకొక హద్దుంటాది. "ముందు జరిపింది నువ్వే!" అని లేచి కూర్చున్నా.

ఓబులేసప్పా, సుంకమ్మ కూర్చున్న చోటి నుంచి లేవకుండానే వాకిలి దాటింది. ఖాజాబీ నా కాలు పట్టుకుని వదల్లేదు, ఎవరన్నా గుంజుకుపోతారేమోనని. నేను పడీ పడీ నవ్వుతాండా.

అప్పుడు దబ్బుమని సప్పుడు.

వాకిట్లో సరోజ. ఇంటి నిండా జనాన్ని చూసి, ఏడుపులు విని, సంకలో కడవ వదిలేసింది. మట్టి కడవ, ముక్కలైంది. ఆ పిల్ల కడుపు పట్టుకుని వీధిలోనే కూలబడింది. దాని మొహంలో రక్తం లేదు. నా నవ్వు యాడికి పోయిందో పోయింది. కట్టు పీకి పారేసి పరిగెత్తినా. ఈ మోకాళ్లతో!

"ఏం కాలేదే తల్లీ. ఇదో, నేనే, సూడు!"

నా భుజం మీద ఒక్కటేసింది. తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "నాకు చెట్లూ వద్దు, ఒట్లూ వద్దు అత్తా. ఎనిమిది కాదు పదారు కడవలు మోస్తా. నువ్వుంటే చాలు."

ఆ మాటకు నేను నిజంగా సచ్చినంత పనయింది. ఆ నడుము కాపాడాలని గదా నేనీ ఆట మొదలుపెట్టింది!

నేను తెప్పరిల్లినాక అరుగు పక్క చూసినా. వరసగా కడవలు. నూట ముప్పై! సరే, పదమూడు. చావింట్లో స్నానాలకు నీళ్లు కావాలని, కరువు కాలంలో ఆ ఇంటోళ్లు యాడ తెచ్చుకుంటారని, ఇంటికొక కడవ తెచ్చి పెట్టినారు. బతికుండగా నా కడవను ఒక బెత్తెడు ముందుకు జరగనీని సుంకమ్మ, ఆ దినం తనకు దొరికిన రెండు కడవల్లో ఒకటి నాకు తెచ్చింది. దాని మూతి మీద ఆకు గూడా కప్పింది, దుమ్ము పడకుండా.

"తీసుకుపోండమ్మా మీ నీళ్లు," అన్నా. "నేను బతికే ఉండా గదా."

"చావింటికని ఎత్తుకొచ్చిన నీళ్లు మళ్లీ ఇంట్లో ఎట్ల పెట్టుకుంటామక్కా?" అనింది సుంకమ్మ.

"అయితే నేను వాడుకుంటా."

"కడుపుతో ఉండే పిల్ల ఇంట్లోనా ఆ నీళ్లు? బుద్ధుండాదా నీకు?"

ఏం చేయాల? పారబోయాల. యాడ పారబోయాల? మన ఆడోళ్లకు నీళ్లు పారబోసేదానికి ఒకటే చోటు తెలుసు, చెట్టు మొదలు. నేను "గీత! గీత!" అని మొత్తుకుంటానే ఉండా. ఒకరి వెనక ఒకరు పోయి కాళ్లు కడుక్కునేది, మిగతాది తంగేట్లో కుమ్మరించేది. కాళ్లెందుకు కడగాలమ్మా, మనిషి బతికింది గదా అంటే, "ఏడ్చిన ఏడుపు ఏడ్చిందే గదా," అంటారు! ముంగిలి చెరువైంది. సున్నం గీత యాడ కొట్టుకుపోయిందో దేవునికెరుక. దాంట్లో ఒక చేప దొరికుంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

సరిగ్గా అప్పుడే సెక్రెటరీ వచ్చినాడు. చేతిలో తన తోటలో కోసిన ఎర్ర రోజాలు, నా మీద పెట్టేదానికి! అరుగు మీద కూర్చున్న నన్ను చూసి నిలబడిపోయినాడు.

"మామ్మగారూ... మీరు..."

"పోయి వచ్చినా నాయనా. కూర్చో."

ఆయన బురద చూసినాడు, చెట్లు చూసినాడు, నన్ను చూసినాడు. ఇంక దాచేదేముంది? కల్లాపి సంగతి, కాళ్ల నీళ్ల సంగతి, అంతా చెప్పేసినా. "నా ఒట్టు తప్పు. పీకేయించు," అన్నా.

ఆయన పీకేయించలేదు. సరోజను అడిగినాడు. "అమ్మా, రోజాలకి రోజుకి ఎన్ని కడవలు కావాలి?"

"ఎనిమిది సార్."

"మీకు దొరికేవి?"

"నాలుగు. ఈ దినం ఒకటి పగిలింది."

ఆయన అరుగు మీద ఉండే ఇత్తడి కడవ ఒకటి ఎత్తి సంకలో పెట్టుకుని చూసినాడు. "ఖాళీదే ఇంత బరువుందేమండీ!" అన్నాడు. మేమెవరం నవ్వలేదు. కడవ దించి మళ్లీ తనే అన్నాడు. "మా ఊళ్లో చెట్టు ఎండిపోతుందేమోనని దిగులుపడతామండీ. చెట్టు నీళ్లు తాగేస్తుందని దిగులుపడే చోటు ఉంటుందని నాకు తోచలేదు." రోజాలు ఏం చేయాలో తెలీక సరోజ చేతికిచ్చి పోయినాడు.

తర్వాత ఏమైందో చూడు. రేగడి నేల గదా, నీళ్లు రెండు దినాలు ఇంకలేదు. మూడేండ్లు ఎండకు వంగని తంగేడు, ఐదింటిలో నడిచెట్టు, వేరు కుళ్లి ఆకులన్నీ రాల్చేసింది. అదో, ఆ మోడు. నిన్న సెక్రెటరీ మళ్లీ వచ్చి, దాని పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు. "నీళ్లు పోయకపోతే బతుకుతుందో లేదో తేలలేదు గానీ మామ్మగారూ, నీళ్లు పోస్తే మాత్రం చస్తుందని తేలిందండీ."

కమిటీలో మాట్లాడినాడంట. ముళ్లు లేకుండా, కడవ నీళ్లు అడగకుండా బతికే చెట్లు ముంగిట్లో పెట్టుకోవచ్చని రూలు మార్చమన్నాడంట. కమిటీలో ఒక పెద్దాయన అడ్డం తిరిగి, "ఒక్క ఇంటి ముందరుంటే అది అడివి. వీధంతా వరసగా ఉంటే తోట. వరస చూపించండి, చూద్దాం," అన్నాడంట. అంతవరకు ఎవరి చెట్టూ పీకరు, ఎవరూ రోజాలు నాటక్కర్లేదు. నేను నిన్నటి నుంచి అదే ఆలోచిస్తాండా. అడివికీ తోటకూ మధ్య ఉండేది ఉత్త వరసేనా? అయ్యుండొచ్చు. చిన్నప్పుడు గట్టు మీద తంగేడు పూస్తే మేము దానికి పేరే పెట్టలేదు, ఊరికే చూసి సంతోషపడినాం. ఇప్పుడు దాన్ని అందమని ఒప్పించేదానికి వరసలో నిలబెట్టాల్సి వచ్చింది, పరవాలేదు. కొళాయి కాడ మమ్మల్ని నిలబెట్టినట్టే. తొలకరికి పద్నాలుగిండ్ల ముందరా చల్లాలని తీర్మానించుకున్నాం. సుంకమ్మ తన ముంగిలి తానే తవ్వుకుంటాంది. కొళాయి కాడ కడవ మాత్రం ఇంకా జరుపుతానే ఉండాది.

ఇప్పుడు నీ సంగతికొస్తా. టీ తాగినావు గదా?

నేను సచ్చిన పొద్దున మా వీధి రిటైరు మాస్టరు, జీవితంలో ఏ పనీ తొందరగా చేసి ఎరగనాయన, నేను లేచి కూర్చునే లోపలే వేంపల్లెలో మా చెల్లెలికి కార్డు రాసి డబ్బాలో వేసేసినాడు. మరుసటి దినమే నేను గూడా నా చేత్తో ఒక కార్డు రాసినా, "నేను సావలేదు, కులాసా" అని. సచ్చిన అక్క చేతిరాత చూసి మా చెల్లెలు దాన్ని చదవకుండానే పొయ్యిలో పెట్టిందంట! దాని కొడుకు సరోజకు రాసిన జాబు నిన్న వచ్చింది. అమ్మకు మోకాళ్లు పట్టుకున్నాయి, రాలేము, శుక్రవారం పదకొండో దినానికి ఈడనే పదిమందికి అన్నం పెడతాం అని. ఈ దినం బుధవారం. ఇప్పుడు జాబు రాస్తే అందదు. తంతి కొడితే, తంతి చూసి ఇంకెవరు పోయినారోనని దాని గుండె ఆగుతాది. మనిషే పోవాల. ఆ మనిషివి నువ్వే.

పోయి చెప్పు, మీ అక్క బతికుండాదని. నమ్మకపోతే, చిన్నప్పుడు దాని జడ ఆవు తోకకు కట్టింది నేనేనని చెప్పు, నమ్ముతాది. వంట మాత్రం ఆపొద్దను. కొన్న ఉద్దిపప్పు ఏం చేసుకుంటారు? నా పదకొండో దినం వడలు నాకే పంపించమను. మెత్తగా చేయమను, పన్ను ఇంకా సలుపుతాంది.

తిరిగొచ్చేటప్పుడు వేంపల్లె గట్టు మీద ఎండిన తంగేడు కాయలు ఒక మూట కోసుకురా, పద్నాలుగిండ్లకు సరిపోవాల. లే మరి. కాళ్లు ఈ పక్కన కడుక్కో, ఆ చెట్ల కాడ కాదు, ఒకటి పోయింది చాలు. వడలు మరిచిపోయినా ఏమనుకోను, ఇంకోసారి సస్తే మళ్లీ చేస్తారు. కాయలు మాత్రం మరవద్దప్పా.